జీర్ణగృహోద్ధరణం: ఏది మార్చాలి, ఏది నిలపాలి?

గృహస్థాశ్రమం ఇతర ఆశ్రమాలన్నింటికీ ఆధారమని ధర్మశాస్త్రాలు ముక్తకంఠంతో చెబుతున్నాయి. బ్రహ్మచారికి భిక్ష, అతిథికి అన్నం, సన్న్యాసికి ఆదరం లభించేది గృహస్థుని వాకిటనే. అటువంటి గృహస్థుడు నివసించే ఇల్లు కాలక్రమాన శిథిలమైనప్పుడు దానిని తిరిగి నిలబెట్టడం కూడా ధర్మాచరణలో భాగమే. అయితే ఆ పని ఏ దృష్టితో చేయాలి? ఏది తొలగించదగినది, ఏది నిలుపదగినది? పైపైన చూస్తే ఇది మేస్త్రీకి, వడ్రంగికి సంబంధించిన ప్రశ్న. లోతుగా విచారిస్తే ఇది నిత్యానిత్య వస్తు వివేకానికి సంబంధించిన ప్రశ్న.

ఆగమశాస్త్రం ఈ కార్యాన్ని జీర్ణోద్ధారణ అంటుంది. కాలవశాన అరిగిపోయినది జీర్ణం. దానిని తిరిగి పైకెత్తడం ఉద్ధారణ. అలంకరించడమనే అర్థం ఆ మాటలో లేదు. దేవాలయంలో ఈ క్రియ సాగే క్రమం గమనించదగినది. గర్భాలయంలో పని ఆరంభించడానికి ముందు మూలమూర్తిలోని దివ్యకళను కలశంలోకి ఆవాహన చేస్తారు. దీనికి కళాకర్షణ అని పేరు. ఆ కలశాన్ని బాలాలయమనే తాత్కాలిక మందిరంలో నిలిపి, నిత్యారాధనకు లోపం రాకుండా అక్కడే పూజలు నిర్వహిస్తారు. తిరుమలలో పన్నెండేళ్ళకొకసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం ఈ విధానంలోనిదే. 2018 ఆగస్టులో అది జరిగింది. యాదగిరిగుట్ట ఆలయాన్ని కృష్ణశిలతో పునర్నిర్మించినప్పుడు కూడా, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగేంతవరకు శ్రీ లక్ష్మీనరసింహస్వామివారు బాలాలయంలోనే భక్తులకు దర్శనమిచ్చారు.

ఈ క్రమంలో గృహస్థునికి ఒక ఉపదేశమున్నది. ముందుగా చైతన్యస్థానాన్ని గుర్తించాలి. దానిని భద్రపరచాలి. ఆ తరువాతనే ఉలి, సుత్తి చేతపట్టాలి. పని సాగుతున్నన్నాళ్ళూ ఆరాధన ఆగకూడదు.

ఇటీవలి కాలంలో పాత ఇళ్ళను ఆధునిక సంప్రదాయ శైలిలో తీర్చిదిద్దే అభిరుచి పెరిగింది. ఇత్తడి గొలుసుల ఉయ్యాలబల్ల, చెక్కిన స్తంభాలు, తంజావూరు చిత్రపటాలు, నీటిపాత్రలో తేలే పూలు, నున్నని ఎర్ర గచ్చు, వీటి నడుమ దాగిన విద్యుద్దీపాలు, ఏసీలు కంటికి ఇంపైనవే. మన శాస్త్రం సౌందర్యాన్ని ఎన్నడూ నిరసించలేదు. శ్రీ శబ్దానికి శోభ అనే అర్థమూ ఉన్నది. కానీ ఆ శోభ దేనిని ఆశ్రయించి ఉన్నదనేదే విచారణీయం. కోనసీమలోని ఒక అగ్రహారంలో ఒక గృహస్థుడు తన పూర్వుల మండువా లోగిలిని పునరుద్ధరించుకున్న వృత్తాంతం ఈ విచారణకు తగిన ఉదాహరణ.

ధవళేశ్వరం వద్ద ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత గోదావరి డెల్టాలో కాలువలు పారి, పంటలు పెరిగి, క్రమంగా గ్రామాలలో పెద్ద పెద్ద పెంకుటి లోగిళ్ళు వెలిశాయి. ఈ ఇల్లు అటువంటిదే. గృహస్థుని పితామహుడు కట్టించినది. వీధివైపు రెండు అరుగులు, వాటి నడుమ సింహద్వారం, లోపల నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశానికి తెరచిన మండువా, వెనుక వంటిల్లు, పెరటిలో తులసికోట, నుయ్యి. 1996 నవంబరు 6 నాటి తుపానులో కొబ్బరిచెట్టు కూలి కప్పు ఒక ప్రక్క దెబ్బతిన్నది. అప్పట్లో చేతనైన మరమ్మతు చేయించి, గోడలకు సిమెంటు పూయించారు. గృహస్థుడు ఉద్యోగరీత్యా హైదరాబాదులో స్థిరపడ్డాడు. తండ్రి కాలం చేసినా తల్లి మాత్రం ఆ ఇల్లు విడిచి రానన్నది. పదవీ విరమణానంతరం అతడు భార్యతో తిరిగివచ్చేనాటికి ఆమెకు ఎనభై ఆరేళ్ళు. చూపు బాగా మందగించింది. వాకర్ ఆసరా లేనిదే అడుగు పడదు. అయినా ఇంట్లో ఏ మూల ఏది ఉన్నదో ఆమె చేతివేళ్ళకు కంఠస్థం.

పని మొదలుపెట్టే ముందు ఇంటి పురోహితుడు ఒక్క మాట చెప్పాడు: "ముందు అమ్మగారికీ, దేవతార్చనకీ చోటు చూడండి. తక్కినవి తరువాత." తూర్పు వసారాను ఆనుకొని ఉన్న గదిని శుభ్రం చేయించి, దేవతార్చన పెట్టెను, తల్లి మంచాన్ని అందులోకి మార్చారు. పని సాగిన పది నెలలూ ఆ గదిలో దీపం వెలుగుతూనే ఉన్నది. శాస్త్రోక్తమైన బాలాలయం కాకపోయినా, భావన అదే.

మొదటి పాఠం గోడలు నేర్పాయి. సిమెంటు పూసిన గోడలన్నీ అడుగునుంచి నడుమెత్తు వరకు చెమ్మగిల్లి, రంగు పొక్కులు లేచి, తెల్లని ఉప్పు పొడి రాలుతున్నాయి. గట్టిదనుకున్న సిమెంటు పూత వెనుక పాత ఇటుకలు పిండి అవుతున్నాయి. వృద్ధుడైన మేస్త్రీ గోడను గీకి చూపిస్తూ, "సున్నం గోడకి సిమెంటు పూశారండి. లోపలి చెమ్మ బయటికి రాలేక ఇటికని తినేస్తోందండి. గోడకి కూడా ఊపిరాడాలి కదండీ" అన్నాడు. సిమెంటు పూతను వలిపించి, గోడలను కొన్ని నెలలు ఆరనిచ్చి, మళ్ళీ సున్నమే పూయించాలని నిర్ణయమయింది. నానిన సున్నానికి ఇసుక చేర్చి గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం ఊరవేసిన నీటితో కలిపి పూసే పాత పద్ధతి తెలిసినవారిని వెదకి పిలిపించారు.

సున్నపు స్వభావం తత్త్వవిచారం చేసేవారికి చింతన కలిగిస్తుంది. సున్నపురాయిని బట్టీలో కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు విడిపోతుంది. నీటిలో నానబెడితే అది మెత్తని ముద్ద అవుతుంది. గోడకు పూసిన తరువాత గాలిలోని అదే వాయువును మెల్లమెల్లగా గ్రహించి తిరిగి రాయిగా మారుతుంది. రాయి నుండి రాయి వరకు ఎన్ని నామరూపాలు మారినా, ద్రవ్యం తన మూలస్థితిని మరవలేదు. తానే గట్టిగా ఉండాలనుకున్న పూత తనను నమ్ముకున్న గోడను లోలోపల నశింపజేసింది. గోడతో పాటు చెమ్మను గ్రహించి, విడిచే పూత గోడను కాపాడుతుంది. అహంకారానికీ, సాత్త్విక బలానికీ ఉన్న భేదం ఇంతే.

రెండవ పాఠం దూలాలది. కప్పు విప్పినప్పుడు గృహస్థుని మనస్సు రెండు వైపులా లాగింది. తాతగారు ఎంచి తెప్పించిన టేకు దూలాలను ఒక్కటి కూడా మార్చకూడదని ఒక పట్టుదల. చెదలు పట్టిన ఇల్లంతా విప్పి కాంక్రీటు శ్లాబు వేసేస్తే పీడ విరగడవుతుందని బంధువుల సలహా. వడ్రంగి రెండింటినీ పట్టించుకోలేదు. నిచ్చెన వేసుకొని, ఒక్కొక్క దూలాన్నీ ఆ చివరి నుండి ఈ చివరి దాకా సుత్తితో తట్టి విన్నాడు. గట్టి కర్ర ఖంగున పలికింది. పుచ్చినది డొల్లగా పలికింది. దూలాలు నడుమ చెక్కుచెదరలేదు. గోడలో దూరి చెమ్మ తాకిన కొసలు మాత్రమే, అదీ మూడింటివే, చెడిపోయాయి. ఆ కొసలను కోసివేసి, పాత కర్రకు కొత్త కర్ర అతికి, ఇనుప పట్టీలతో బిగించాడు. తక్కినవాటికి నూనె పట్టించి యథాస్థానంలో ఉంచాడు.

జీర్ణమైన వస్త్రాన్ని విడిచి నూతన వస్త్రాన్ని ధరించినట్లు దేహి దేహాన్ని విడుస్తాడని భగవద్గీత రెండవ అధ్యాయంలో భగవానుడు బోధించాడు. ఆ ఉపమానంలో సాధారణంగా విడవడం మీదనే మన దృష్టి నిలుస్తుంది. విడవదగినది జీర్ణమైనది మాత్రమేనన్న మాట కూడా అందులోనే ఉన్నది. జీర్ణం కానిదానిని పాతదన్న కారణం చేత పారవేయడం అవివేకం. జీర్ణమైనదానిని మనదన్న కారణం చేత పట్టుకొని ఉండడం మోహం. వడ్రంగి సుత్తి ఈ రెండింటినీ వేరు చేసింది. సాధకుడు కూడా తన అలవాట్లను, అభిప్రాయాలను, వారసత్వంగా వచ్చిన ఆచారాలను ఇలాగే ఒక్కొక్కటిగా తట్టి వినవలసి ఉంటుంది. అన్నింటినీ ఒకేసారి సమర్థించడం గాని, ఒకేసారి త్రోసిపుచ్చడం గాని శ్రమలేని పనులు. వివేకం మాత్రం శ్రమతో కూడినది.

ఉత్తరపు వసారాలో రెండు చీకటి కొట్లు ఉండేవి. ఒకదానిలో ధాన్యం, మరొకదానిలో పాత సామాను. వాటి నడుమ గోడను తొలగించి విశాలమైన ఒకే గదిగా మార్చారు. గౌడపాదాచార్యులు మాండూక్య కారికలలోని అద్వైత ప్రకరణంలో ఘటాకాశ దృష్టాంతాన్ని వివరించారు. కుండలోని ఆకాశం కుండ ఉన్నంతకాలం వేరుగా తోస్తుంది. కుండ పగిలినప్పుడు మహాకాశంలో కలిసినట్లు కనిపిస్తుంది. నిజానికి అది ఎన్నడూ వేరు కాలేదు. ఆ గోడ కూలిన సాయంత్రం ఇదే ప్రత్యక్షమయింది. రెండు గదుల ఆకాశాన్ని ఎవరూ మోసుకువచ్చి కలపలేదు. ధాన్యపు కొట్టు, సామాను కొట్టు అనే పేర్లు గోడతో పాటు పోయాయి. అవకాశం మాత్రం ఎప్పుడూ ఉన్నట్లే ఉన్నది.

మండువా విషయంలో పెద్ద చర్చే జరిగింది. నమూనా గీసిన యువకుడు మండువాపై గాజు పలకలు కప్పి, లోపలంతా ఏసీ పెడితే నగరంలోని హోటలుకు తీసిపోదన్నాడు. గృహస్థుని కుమారుడు కూడా దోమలు, దుమ్ము, వానజల్లు గురించి ఫోనులో హెచ్చరించాడు. ఆ సంభాషణ వింటున్న వృద్ధురాలు, "మరి వాన ఎక్కడ పడుతుందిరా?" అని అడిగింది.

ఆ ప్రశ్న అమాయకంగా తోచినా అందులో వాస్తుశాస్త్ర రహస్యం ఇమిడి ఉన్నది. ఎనభై యొక్క పదాల వాస్తుమండలంలో మధ్యనున్న తొమ్మిది పదాలు బ్రహ్మస్థానం. అక్కడ స్తంభం గాని, గోడ గాని నిలిపి భారం మోపకూడదని వాస్తువేత్తలు చెబుతారు. తెలుగువారి మండువా ఆ బ్రహ్మస్థానానికి రూపం. నాలుగు కప్పులూ లోపలికి వాలి, వాననీటిని అందులోకి జారవిడుస్తాయి. తూము గుండా ఆ నీరు పెరటికి పోతుంది. వేడిగాలి ఆ తెరపి నుండి పైకి పోతుంటే, వసారాలలోకి చల్లగాలి వస్తుంది. ఇంటి నడుమ ఎవరిదీ కాని చోటు ఒకటి ఉండడం, అక్కడ సూర్యుడు, చంద్రుడు, వర్షం స్వేచ్ఛగా ప్రవేశించడం, గృహస్థునికి ప్రతిదినమూ ఒక సత్యాన్ని జ్ఞాపకం చేస్తుంది. ఈ ఇంటిలో అత్యంత ప్రధానమైన భాగం అతడు కట్టినది కాదు, కట్టకుండా విడిచినది. చివరకు పడకగదులకు మాత్రం ఏసీ అమర్చి, మండువాను తెరచియే ఉంచారు. పక్షుల రెట్టలు, ఎండుటాకులు పడకుండా పైన సన్నని వల ఒకటి కట్టారు. వాన పడడానికి అది అడ్డు కాదు.

ఇంతవరకు వివేకమే మార్గం చూపింది. అసలు పరీక్ష ఒక తలుపు రూపంలో వచ్చింది.

తమిళనాడులోని కారైక్కుడిలో చెట్టినాడు ప్రాంతపు పాత భవంతుల నుండి విప్పిన స్తంభాలు, తలుపులు, ఇత్తడి సామాను అమ్మే అంగళ్ళున్నాయి. గృహస్థుడు అక్కడికి వెళ్ళి, గజలక్ష్మిని, పద్మాలను చెక్కిన బర్మా టేకు ద్వారబంధం ఒకటి కొని లారీలో తెప్పించాడు. సింహద్వారానికి అమర్చాలని అతని కోరిక. తమ ఇంటి పాత సింహద్వారం వేపకర్రతో చేసిన సాదా ద్వారం. అరుగు మీద దించిన కొత్త ద్వారం దగ్గరకు తల్లి వాకర్ తోసుకుంటూ వచ్చి, కూర్చొని, చేతితో తడిమి చూసింది. ఏనుగు తొండాలను, పద్మదళాలను దాటి ఆమె వేళ్ళు గడప దగ్గర ఆగాయి. చెక్కడపు సందులలో ఏదో గట్టిపడి ఉన్నది. గోటితో గీరి వాసన చూసింది.

"పసుపురా ఇది. ఎవరో మహాతల్లి ఎన్నేళ్ళు రాసిందో! ఎవరింటి గడప నాన్నా ఇది?"

అతనికి ఆ ద్వారం వెల తెలుసు. కర్ర వయస్సు తెలుసు. చెక్కిన శైలి తెలుసు. ఎవరి ఇల్లో తెలియదు. ఏ కోడలు ఆ గడప మీద కుడికాలు మోపి లోపలికి వచ్చిందో, ఏ తగాదాలో, ఏ అవసరంలో ఆ ఇల్లు విప్పబడిందో, అంగడిలో ఎవరూ చెప్పలేదు, అతడూ అడగలేదు. వస్తువు, వాస్తువు అనే రెండు మాటలూ నివసించడమనే అర్థం గల ఒకే ధాతువుతో ముడిపడి ఉన్నాయి. నివాసం తెగిపోయినప్పుడు వాస్తువు కేవలం వస్తువవుతుంది. అంగడికి చేరేది ఆ వస్తువే.

కొడుకు మౌనం గమనించి తల్లి నిందించలేదు. "సరే, వచ్చేసింది కదా. ఇంటికొచ్చినదాన్ని బాగానే చూసుకుందాం. దేవుడి గదికి పెట్టించు. మన సింహద్వారం మాత్రం కదపకు. మీ నాన్నగారు నన్ను తీసుకొచ్చింది ఈ గుమ్మంలోంచేరా" అన్నది. అలా ఆ ద్వారం కొత్తగా తీర్చిన పూజామందిరానికి చేరింది. గోడలో చిన్న గూడుగా ఉండిన దేవతార్చన స్థానం ఇప్పుడు ప్రత్యేక మందిరమయింది. సాలగ్రామం, పంచాయతన మూర్తులు, వెండి దీపాలు, వాటికి ఎదురుగా ఆ గంభీరమైన ద్వారం. చూడవచ్చినవారందరూ కొనియాడారు. ద్వారబంధంతో వచ్చిన గడప ఆరంగుళాల ఎత్తున నేల మీద నిలిచింది.

కొన్ని రోజులు గడిచాయి. తల్లి ఉదయమే స్నానం ముగించుకొని, పెరటి పువ్వులు ఒళ్ళో పెట్టుకొని, వాకర్‌తో మందిరం దాకా వచ్చి, గడప ఇవతల నిలబడి నమస్కరించి వెళ్ళిపోయేది. పాత గూడు దగ్గర ఆమె రోజూ తన చేతితోనే సాలగ్రామంపై పువ్వు ఉంచేది. ఒక ఉదయం గృహస్థుడు పూజకు వచ్చి, గడప బయట నందివర్ధనాలు కుప్పగా ఉండడం చూశాడు. వాడిన నిన్నటి పువ్వులు కూడా ప్రక్కనే ఉన్నాయి.

"అమ్మా, లోపలికి రావడం లేదేం?"

"ఈ బండి గడప ఎక్కదు కదరా. నువ్వేమో ముచ్చటపడి పెట్టించావు. నాకెలాగూ కనపడదు. లోపలున్నా బయటున్నా ఒకటే."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే అతనికి దుస్సహమయింది. ఇంటి సంప్రదాయాన్ని నిలపడానికి పూనుకున్నవాడు, ఆ సంప్రదాయం ఎవరి చేతులలో జీవించి ఉన్నదో ఆ వ్యక్తినే గడప బయట నిలబెట్టాడు.

శ్రీమద్భాగవతం తృతీయ స్కంధంలోని జయవిజయుల కథ ఇక్కడ స్మరణీయం. సనకాది మహర్షులు వైకుంఠంలో ఆరు ద్వారాలు దాటి ఏడవ ద్వారం చేరగా, ద్వారపాలకులు వారిని అడ్డగించారు. జయవిజయులు దుష్టులు కారు. స్వామి సేవలో నిలిచినవారే. ద్వారాన్ని కాపాడే శ్రద్ధలో, ఆ ద్వారం ఎవరి కోసమో మరచారు. శాపానికి గురయ్యారు. అప్పుడు శ్రీహరి తానే లక్ష్మీసమేతుడై కాలినడకన ద్వారం వద్దకు వచ్చి మునులకు దర్శనమిచ్చాడు. ద్వారం భక్తునికి అడ్డమైనచోట భగవంతుడు లోపల కూర్చొని ఉండలేడని ఆ ఘట్టం తెలుపుతున్నది.

పూజించిన గడపను కోయవచ్చునా అనే సంశయం గృహస్థుని పీడించింది. బల్లచెక్కను వాలుగా వేద్దామంటే తలుపు రెక్కలు తెరుచుకోవు. వాకర్ జారే ప్రమాదమూ ఉన్నది. పురోహితుణ్ణి అడిగాడు. ఆయన ద్వారం వద్ద కొంతసేపు నిలబడి, "కోయడం ఎందుకండీ? దించండి. నేలలోకి దించినా అది గడపే. పసుపూ కుంకుమా అక్కడే పెట్టుకోవచ్చు. పెద్దావిడ లోపలికి రాలేని గడప ఎంత ఎత్తుంటే మాత్రం ఏం ప్రయోజనం?" అన్నాడు. మేస్త్రీ, వడ్రంగి కలిసి ద్వారబంధాన్ని జాగ్రత్తగా విప్పారు. నేలను ఆరంగుళాల లోతు తవ్వి, గడప పై అంచు గచ్చుతో సమానమయ్యేటట్లు దించారు. పైన ఏర్పడిన ఖాళీని ఇటుకతో, సున్నంతో పూడ్చారు.

మరునాడు తల్లి వాకర్ తోసుకుంటూ వచ్చింది. చక్రాలు ఆగలేదు. చల్లని గచ్చు తరువాత కర్ర స్పర్శ పాదానికి తగలగానే ఆమె ఆగింది.

"ఇదేనా గడప?"

"ఇదే అమ్మా."

ఆమె కుడికాలు ముందుకు పెట్టి లోపలికి వెళ్ళింది. తడుముకుంటూ సాలగ్రామాన్ని చేరి, పువ్వు ఉంచింది.

శాస్త్రం ఆచారాన్ని విధించినప్పుడు దానికొక తాత్పర్యం ఉంటుంది. ఆచారం శరీరమైతే తాత్పర్యం ప్రాణం. తాత్పర్యాన్ని విడిచి ఆకారాన్ని మాత్రమే కాపాడితే అది ప్రదర్శనశాల అవుతుంది. ఆకారాన్ని పూర్తిగా తుడిచివేస్తే తాత్పర్యం నిలిచే ఆధారం ఉండదు. గడపను పారవేయలేదు; అడ్డుగా నిలపలేదు; దించారు. లోపలికి వచ్చే ప్రతివాడినీ క్షణమాత్రం ఆపి, తానెక్కడ అడుగు పెడుతున్నాడో జ్ఞాపకం చేయడమే గడప పని. నేలతో సమానమై కూడా అది ఆ పని చేస్తూనే ఉన్నది.

ఈ అనుభవం తరువాత గృహస్థుడు మిగిలిన అలంకరణను మరొక కొలతతో చూశాడు. గృహస్థునికి తెలియకనే హింస జరిగే స్థానాలు ఐదని మనుస్మృతి చెబుతుంది: పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీటికుండ. ఆ దోష పరిహారానికే పంచమహాయజ్ఞాలు విధించబడ్డాయి. గ్యాసు పొయ్యి, మిక్సీ వచ్చినంత మాత్రాన ఆ ఋణం తీరిపోలేదు. కనుక ఇంటిలో ప్రతి యజ్ఞానికీ చోటున్నదా అని అతడు పరిశీలించాడు. దేవయజ్ఞానికి మందిరం ఏర్పడింది. బ్రహ్మయజ్ఞానికి, అనగా స్వాధ్యాయానికి, గోడ తీసిన ఉత్తరపు గదిలో గ్రంథాలు చేరాయి. ఊరి పిల్లలు సాయంకాలం చదువుకోవడానికి చాపలు, మంచి దీపాలు అమర్చారు. పితృకార్యం నాడు భోక్తలు కూర్చోవడానికి అనువుగా వెనుక వసారాను బల్లలతో, సోఫాలతో నింపక ఖాళీగా విడిచారు. మనుష్యయజ్ఞానికి వీధి అరుగులు అలాగే నిలిచాయి. గ్రిల్లు పెట్టి మూయాలన్న ఆలోచన మానుకున్నారు. భూతయజ్ఞానికి మండువా చూరుకు వరికుచ్చులు కట్టారు. పిచ్చుకలు వల అంచున దూరే సందును తామే వెదకుకొన్నాయి.

ఉయ్యాలబల్ల, తంజావూరు పటం కూడా ఆ ఇంటిలో ఉన్నాయి. వాటిని ఎవరూ తప్పుపట్టలేదు. అయితే అవి ఇంటి ప్రయోజనం తీరిన తరువాత వచ్చినవి. ప్రయోజనానికి బదులుగా వచ్చినవి కావు. వృద్ధురాలి స్నానపు గదిలో జారని బండలు, గోడకు ఊతకమ్మీలు, రాత్రి మంచం దిగగానే వెలిగే చిన్న దీపం కూడా అమర్చారు. చూడవచ్చినవారు వీటిని గమనించరు. ధర్మదృష్టితో చూస్తే ఆ ఇంటి అలంకారాలలో ఇవే ముందు వరుసలోనివి.

గృహప్రవేశం అపూర్వం, సపూర్వం, ద్వంద్వం అని మూడు విధాలు. కొత్త ఇంటిలో తొలిసారి ప్రవేశించడం అపూర్వం. దూరప్రయాణం నుండి తిరిగివచ్చి ప్రవేశించడం సపూర్వం. చెడిపోయి తిరిగి బాగుచేసుకొన్న ఇంటిలో ప్రవేశించడం ద్వంద్వం. శుభముహూర్తాన పుణ్యాహవాచనం, వాస్తుహోమం జరిపి, పాలు పొంగించి, ఆ గృహస్థుడు పాత సింహద్వారం గుండానే లోపలికి వచ్చాడు. అతని పిల్లలు దూరదేశాలలో ఉన్నారు. తన తరువాత ఈ ఇంటిలో దీపం పెట్టేదెవరో అతనికి తెలియదు. ఆ ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాతనే పని మొదలుపెట్టాలనుకొని ఉంటే, గోడలు ఈపాటికి ఇంకా కొంత రాలి ఉండేవి. గీతాచార్యుడు దేహాన్ని తొమ్మిది ద్వారాల పురమన్నాడు. అందులో నివసించే దేహి తాను ఆ పురం కానని తెలిసి సుఖంగా ఉంటాడని ఐదవ అధ్యాయంలో ఉపదేశించాడు. దేహం పడిపోయేదని తెలిసి కూడా స్నానపానాలతో దానిని శ్రద్ధగా పోషించినట్లే, ఇంటినీ పోషించాలి. ఫలం మీద హక్కు కోరకుండా.

పాత ఇంటిని పునరుద్ధరించ సంకల్పించిన వారు నమూనా గీయించడానికి ముందు ఒకనాటి ఉదయం ఆ ఇంటిలో అందరికంటే బలహీనులైనవారి వెంట మెల్లగా నడచి చూడాలి. వారు ఎక్కడ ఆగుతున్నారు, దేనిని పట్టుకుంటున్నారు, ఏ మూలకు వెళ్ళలేకపోతున్నారు? ఇంటి చైతన్యం ఎక్కడున్నదో, ఏ గడప దించవలసి ఉన్నదో ఆ నడకలోనే తెలుస్తుంది. అటుపిమ్మట స్తంభాలను, దీపాలను ఎంచుకోవచ్చు.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.